తేనెరంగు దీపాలు

క్లబ్బులోని పేకాట గదిలోకి ఆడవాళ్ళు అడుగు పెట్టకూడదని రూలు. ఆ రూలు ఎవరు పెట్టారో, ఏం కొంప మునిగి పెట్టారో ఇప్పుడున్న వాళ్ళెవరికీ తెలియదు గాని, గుమ్మం పక్కన ఇత్తడి పలక మీద చెక్కి ఉంది కాబట్టి అందరూ పాటించేవారు. ముప్పై ఏళ్ళపాటు ఆ గదిలో ట్రే పట్టుకు తిరిగిన మనిషికి భార్య అయి ఉండి కూడా ఆమె ఆ గది లోపలెలా ఉంటుందో చూడలేదు. సభ్యులంతా పై అంతస్తులో కొత్తగా కట్టిన హాలుకి మారిపోయి, పేకాట బల్లలు వరండాలో కాళ్ళు పైకెత్తుకుని పడుకున్నాక, సెక్రటరీ గారే ఆమెను పిలిచి "లోపలికి రామ్మా, పరవాలేదు" అన్నారు. గదిలో మగవాళ్ళకి పనుండేంత కాలమే ఆ రూలుకీ పని ఉన్నట్టుంది.

ఆమె చీపురు గుమ్మం బయట గోడకి ఆనించి లోపలికి వెళ్ళింది. పొడుగాటి గది. ఒక వైపు కిటికీలున్న చోట చెక్కలు బిగించి మేకులు కొట్టేశారు. గోడలకి ఎప్పుడో వేసిన రంగు ఏమిటో పోల్చుకోవడం కష్టం. మధ్యలో, కప్పు నుంచి దీపాల గుత్తి వేలాడుతోంది. ఇత్తడి కాడ, దాని నుంచి చుట్టూ విరబూసినట్టు కొమ్మలు, ప్రతి కొమ్మ చివరా ఒక గాజు గ్లోబు. కింది వరసలో పెద్దవి, పైకి పోను పోను చిన్నవి. అన్నీ చిక్కటి తేనెరంగు.

"ఇటలీ నుంచి ఓడలో తెప్పించారు. నోటితో ఊది చేసిన గాజు. ఇప్పుడిలాంటివి పుట్టవు," అన్నారు సెక్రటరీ గారు, ఆ ఊదిందేదో తామే అయినంత గర్వంగా. "పాత సామాన్ల షాపావిడ ఎల్లుండి వచ్చి చూసి పట్టుకుపోతానంది. ఎలక్ట్రీషియన్ రేపు దించుతాడు. ఒక్కొక్కటీ విప్పి నీకిస్తాడు, దుమ్ము పోయేలా కడిగి ఆరబెట్టు. ఒక్కటి పగిలినా మొత్తం గుత్తికి విలువ పోతుంది. తెలిసిందా?"

"తెలిసిందండి," అని ఆమె అక్కడే నిలబడింది. ఆయన వెళ్ళిపోబోతుంటే, "అయ్యా, మా ఆయన సంగతి..." అంది.

"శనివారం కమిటీ ఉందిగా. మళ్ళీ పెడతానన్నాను కదా. ముందు పని చూడు."

మళ్ళీ పెడతానన్న మాట ఆయన ఇప్పటికి చాలాసార్లు అన్నారు. ఆమెకి కావలసిందల్లా ఒకటే, పెద్దాసుపత్రిలో ఒక మంచం. ఊపిరి ఆడించే గొట్టాలవీ ఉన్న వార్డులో పెడితే మనిషి నిలబడతాడని డాక్టరన్నాడు. పని వల్ల జబ్బు చేస్తే ఖర్చంతా క్లబ్బుదే. సొంత అలవాటు వల్ల చేస్తే క్లబ్బుకి సంబంధం లేదు. ట్రేది సొంత అలవాటని కమిటీ చలికాలంలో తేల్చేసింది. క్లబ్బులో అతని పేరు ట్రేనే. సభ్యులు పెట్టిన పేరు, వాళ్ళు ముద్దుగానే పెట్టారు.

తేల్చడానికి ముందు సెక్రటరీ గారు ఆమెను ఆఫీసు గదిలోకి పిలిచారు. అప్పటికామె ఊడ్చే పనిలో చేరి నెల కాలేదు. "నిజం చెప్పమ్మా. సిగరెట్లు కాలుస్తాడా, లేదా? నిజం చెబితే మిగతాది మేం చూసుకుంటాం," అన్నారు మెత్తగా. దాచకుండా చెబితే జాలిపడతారనుకుంది ఆ పిచ్చి తల్లి. "కాలుస్తాడండి. నాకు తెలియకుండా దాస్తాడు గాని, పెళ్ళయినప్పటినుంచీ ఆ కంపే," అని కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వాళ్ళు చూసుకోవడమంటే కమిటీలో ఆ మాటనే సాక్ష్యంగా పెట్టడం. తన నోటితో తనే చెప్పానని ఆమె ఇంతవరకూ మొగుడికి చెప్పలేదు.

క్లబ్బు వెనక సందులో ఒకటిన్నర గది ఇల్లు. ఆ అర గది అసలు వరండా. అతని మంచం అక్కడే ఉంటుంది, జబ్బు వచ్చాక వేసింది కాదు, ఎన్నో ఏళ్ళుగా అక్కడే. వెనకటి రోజుల్లో అతను డ్యూటీ దిగి రాగానే ఆమె గుమ్మంలోనే ఆపేది. "నోరు తెరు. ఊదు," అనేది. అతను నడుం వంచి, బుద్ధిమంతుడిలా ఆమె ముఖం మీద ఊదేవాడు. నోరు ఏమంత వాసన రాకపోయినా జుట్టూ చొక్కా కాలరూ మొత్తం మనిషే గుప్పుమనేవాడు. "ఇంత కంపు కొడుతూ ఇంకా ముట్టుకోలేదనే అంటావా?" అనేది. "గదిదే అది," అనేవాడు. "గది కాలిస్తే నీకు దగ్గెందుకొస్తుంది?" అని ఆమె తలుపేసుకునేది. దగ్గు ముదిరి తెర తెరలుగా రావడం మొదలయ్యాక ఆసుపత్రిలో ఫొటో తీసి, "ఇవి కాల్చేవాడి ఊపిరితిత్తులే," అని డాక్టరు కూడా అనేశాడు. ఇంక అనుమానానికి చోటేముంది?

ఆ సాయంత్రం అతను గోడకి తలగడ పెట్టుకుని కూర్చుని ఉన్నాడు. పడుకుంటే ఊపిరాడదు.

"గుత్తి దించుతున్నారట కదే?"

"రేపు. నన్నే కడగమన్నారు."

"నిన్నా!"

"ఏం, నా చేతులకేమొచ్చింది?"

"చేతులకేం కాదు." అతను ఆగాడు. ఒక్కో మాటకీ మధ్య ఆగి గాలి తెచ్చుకోవాలి, తెచ్చుకుని మళ్ళీ చెప్పాలి. "మెడ పట్టుకుని ఎత్తకు. అడుగున అరచెయ్యి పెట్టు. తొట్టిలో దుప్పటి మడత పెట్టి పరుచు. వేణ్ణీళ్ళు పొయ్యకు, మరీ చన్నీళ్ళూ వద్దు. చెయ్యి ముంచితే చేతికి తెలియకూడదు, అట్లా ఉండాలి నీళ్ళు."

"సరే."

"ఒకదాని చోట ఇంకోటి పట్టదు. ఏ కొమ్మది ఆ కొమ్మకే. నోటితో ఊదినవి కదా. అందరి ఊపిరీ ఒక్కలా ఉంటుందా?"

"నీకివన్నీ ఎవరు చెప్పారు?"

"నేను చేరిన ఏడాది గదికి రంగులేశారు. అప్పుడు దించితే నేనే కడిగాను. తెల్లగా, గడ్డపెరుగులా ఉండేవే. దీపం వేస్తే లోపల్నించి వెలిగేవి. చూడాలి నువ్వు."

"తెల్లవేంటయ్యా! తేనెరంగువైతేను. ఇప్పుడే నా కళ్ళతో చూసొచ్చాను."

"తెల్లవి," అన్నాడతను.

"అలాగే. అవి తెల్లవి, నువ్వు సిగరెట్టు ముట్టుకోలేదు, నేను మహారాణిని. మాత్ర వేసుకో."

అతను నవ్వాడు. నవ్వితే దగ్గొస్తుందని తెలిసీ నవ్వాడు.

మర్నాడు పొద్దున్నే ఎలక్ట్రీషియన్ నిచ్చెన వేశాడు. పొట్టి మనిషి, చేతులు మాత్రం పొడుగు. నోట్లో స్క్రూలు పెట్టుకుని మాట్లాడే అలవాటు వల్ల సగం మాటలు అర్థం కావు. గ్లోబు మెడ చుట్టూ ఉన్న చిన్న మరలు వదులు చేసి, ఒక్కోదాన్నీ రెండు చేతుల్లోకి తీసుకుని దిగాడు. ఏ కొమ్మదో తెలిసేలా మెడలోపల రంగు టేపు ముక్క అంటించాడు. ఆమె వంటగది వెనక పెరట్లో, కుళాయి దగ్గర పెద్ద తొట్టి పెట్టి, అడుగున పాత దుప్పటి పరిచి, చెయ్యి ముంచి చూసుకుంటూ నీళ్ళు కలిపింది. చెయ్యి ఉందో లేదో తెలియనంత వరకూ కలిపింది.

మొదటిది కింది వరసలోని పెద్ద గ్లోబు. అడుగున అరచెయ్యి పెట్టి నీళ్ళలో దించింది. ఇంతా చేసి దాని బరువు ఏమంత లేదు. మెత్తటి గుడ్డకి కాస్త సబ్బు రాసి, దాని వంపు మీద ఒక్కసారి రుద్దింది. గుడ్డ పోయినంత మేరా తెల్లటి చార పడింది.

రంగు లేచిపోయిందనుకుంది. ఆ చార మీద అరచెయ్యి కప్పి, ఎవరన్నా చూశారేమోనని వెనక్కి చూసింది. ఎలక్ట్రీషియన్ మెట్ల మీద కూర్చుని వైరు చివర్లు గీకుతున్నాడు. ఆమె చెయ్యి తీసి మళ్ళీ చూసింది. గాజు మీద గీత లేదు, గరుకు లేదు, వేలు పెడితే జారుతోంది. పక్కన మళ్ళీ రుద్దింది. ఇంకో చార. గుడ్డ మీద జిగురు జిగురుగా గోధుమరంగు మడ్డి. అది నీళ్ళలోకి దిగి పొగలు పొగలుగా విచ్చుకుని, చూస్తుండగానే తొట్టి మొత్తం టీ డికాషన్ రంగుకి తిరిగింది.

అప్పుడొచ్చింది వాసన.

ఆ వాసన ఆమెకి కొత్తది కాదు. వారం వారం అతని చొక్కాలు విడిగా నానబెట్టి, ముఖం పక్కకి తిప్పుకుని ఉతికిన వాసన. కాలర్లు బండమీద వేసి బాదినప్పుడు లేచే వాసన. దిండు గలీబులో, దువ్వెనలో, పెళ్ళినాటి ఫొటో ఉన్న పెట్టెలో అతను పెట్టిన కోటులో, అన్నింటిలోనూ అదే. ముప్పై ఏళ్ళు దీనితోనే పోట్లాడింది. ఇప్పుడది ఒక గాజు బుడ్డి ఒంటినుంచి దిగుతోంది. గాజు బుడ్డికి నోరు లేదు. అది ఎవరికీ తెలియకుండా పెరటి గుమ్మంలో నిలబడి సిగరెట్టు ముట్టించుకోలేదు. ఊరికే ఆ గదిలో ఉంది, అంతే.

ఆమె మడమల మీద కూర్చుండిపోయింది.

"ఏమైందక్కా? చెయ్యి కోసుకుందా?" ఎలక్ట్రీషియన్ స్క్రూలు చేతిలోకి ఉమ్మి అడిగాడు.

"లేదు తమ్ముడూ. ఆ గదిలో పొగ... బాగా ఉండేదా?"

"బాగానా! ఫ్యూజు పోయిందని పిలిస్తే ముక్కుకి గుడ్డ కట్టుకుని వెళ్ళేవాణ్ణి. అయినా కళ్ళు మండిపోయేవి. ఏసీ పెట్టాక కిటికీలు మూసేశారు కదా, పొగ ఎటుపోతుంది? అందులో బావగారు పొద్దస్తమానం ఎలా నిలబడేవారో ఏమో."

"మరి నాకెప్పుడూ చెప్పలేదేం?"

"నువ్వెప్పుడన్నా అడిగావా?" అన్నాడతను, తప్పు పట్టినట్టు కాదు, మామూలుగానే. మళ్ళీ స్క్రూలు నోట్లో పెట్టుకున్నాడు.

ఆమె గ్లోబు కడగడం పూర్తిచేసింది. లోపలి వైపు గుడ్డ చుట్టిన పుల్లతో తుడిచింది. రెండుసార్లు నీళ్ళు మార్చి, తువ్వాలు మీద బోర్లించింది. ఎండలో అది గడ్డపెరుగులా తెల్లగా ఉంది. అడుగున వేలిముద్రంత మచ్చ, గాజు వేడిగా ఉన్నప్పుడు పట్టుకునే కడ్డీని విరిచిన చోట. పక్కనే వరసగా బోర్లించిన కడగని గ్లోబులు అసహ్యంగా కనబడ్డాయి. నిన్న వాటినే అందంగా ఉన్నాయనుకుంది.

సెక్రటరీ గారు సరిగ్గా అప్పుడే పెరట్లోకి వచ్చారు. తెల్ల గ్లోబు చూశారు. తేనెరంగు వాటిని చూశారు. అరికాలి మంట నెత్తికెక్కింది ఆయనకి.

"ఏం చేశావు? ఏం పెట్టి గీకావు దాన్ని?"

"గీకలేదండి, సబ్బునీళ్ళే. రంగు కాదండి అది, పొగ. గదిలో పొగ పట్టి..."

"ఇటలీ గాజు గురించి నువ్వు నాకు చెబుతావా? తేనెరంగని ఆవిడకి ఫొటోలు పంపాను. తేనెరంగు చూసే కొంటానంది. ఇప్పుడీ బోడి గుండు ఎవరికి అంటగట్టమంటావు?" ఆయన తొట్టిలోకి తొంగి చూసి, ముక్కు ముడిచి వెనక్కి జరిగారు. "ఆ కంపు ముందు పారబోయి. మిగతావి ముట్టుకున్నావంటే ఊరుకోను. రేపు ఆవిడ వద్దందా, శనివారం సంగతి నా దగ్గరింకెప్పుడూ ఎత్తకు."

ఆమె తొట్టి వంచింది. గోధుమరంగు నీళ్ళు బండల మీదుగా పాక్కుంటూ తూములోకి పోయాయి. శనివారం కమిటీ ముందు పెట్టడానికి తన దగ్గరున్న సాక్ష్యం అదొక్కటేనని నీళ్ళు పోయాక గాని ఆమెకి తట్టలేదు. అయితేనేం, ఇంకా బోలెడు గ్లోబులున్నాయి కడగనివి. రేపు అందరూ చూస్తారు. ఆ ధైర్యంతోనే ఇంటికి వెళ్ళింది.

"తెల్లవే," అంది గుమ్మంలోనే.

అతను కళ్ళు తెరిచాడు. ముఖం చిన్నపిల్లాడి ముఖమైపోయింది. "చూశావా! ఏదది, పెద్దదా?"

"కింది వరసలోది."

"అడుగున మచ్చ ఉందా?"

"ఉంది."

"అదే. అదే నేను మొదట కడిగింది." అతను దిండుకి తల ఆనించి ఆ సంతోషాన్ని కాసేపు అలా ఉంచుకున్నాడు. మరి సిగరెట్ల మాట ఇప్పుడేమంటావని అడుగుతాడేమోనని ఆమె నిలబడి చూసింది. అడిగితే చెప్పేద్దామనుకుంది. ఆఫీసులో నిన్ను అల్లరిపాలు చేసింది నేనే, నన్ను కొట్టయ్యా అందామనుకుంది. అతను అడగలేదు. మాట నోటిదాకా వచ్చింది, మింగేసి దీపం వెలిగించింది. అడగకపోవడమే ఎక్కువ కష్టంగా ఉంది.

పాత సామాన్ల షాపావిడ మర్నాడు మధ్యాహ్నం వచ్చింది. నెరిసిన జుట్టు పొట్టిగా కత్తిరించుకుని, మెడలో గొలుసుకి భూతద్దం తగిలించుకుని ఉంది. పేకాట గదిలో నేలమీద దుప్పట్లు పరిచి గ్లోబులన్నీ బోర్లించారు. సెక్రటరీ గారు చేతులు వెనక్కి పెట్టుకుని నిలబడ్డారు. ఎలక్ట్రీషియన్ ఇత్తడి కాడకి మెరుగు పెడుతున్నాడు. తువ్వాళ్ళు అందించడానికి ఆమెను గోడవారగా ఉండమన్నారు.

ఆవిడ ఒక్కోదాన్నీ ఎత్తి చూసి, తెల్లదాని దగ్గర ఆగింది. "ఇది మార్చారు," అంది.

"అబ్బే, లేదండీ."

"మార్చారండీ. ఇవన్నీ ఒక రంగు, ఇది ఒక రంగు. ఒకటి పగిలితే ఎక్కడో దొరికింది తగిలించారు. అన్నీ అసలువని చెప్పారు మీరు నాకు." భూతద్దం మూసేసింది. "నకిలీ ఉన్న గుత్తి నాకొద్దు."

సెక్రటరీ గారు నీళ్ళు నమిలారు. ఒకసారి తెల్లదాని వంక, ఒకసారి ఆవిడ సంచీ వంక చూశారు. ఆవిడ సంచీ భుజానికి తగిలించుకుంటోంది. అంతే, ఆయన జేబులోంచి చేతిరుమాలు తీసి, గోడవారనున్న బకెట్లో ముంచి, మోకాళ్ళ మీద కూర్చుని, ఒక తేనెరంగు గ్లోబుని పట్టుకుని బరబరా రుద్దారు. ప్యాంటు మడత నలిగిపోతున్నా లెక్క చెయ్యలేదు.

"చూడండి! చూడండి మీరే! రంగు కాదండీ, పొగ. ఉత్త పొగ! మావాళ్ళు సామాన్యులు కాదు, పొద్దుటినుంచి అర్ధరాత్రి దాకా బల్ల బల్లకీ ఒకటే ఊదుడు. ఏసీ పెట్టినప్పుడు కిటికీలు కూడా మేకులు కొట్టేశాం. పొగ పోయే దారేది? ముప్పై ఏళ్ళ పొగ, పైకెక్కి గాజుకి పట్టేసింది. గాజులో ఏ లోపమూ లేదు. లోపమంతా గదిది." ఆయన రుమాలు పైకెత్తి చూపించారు. "ఎంత పట్టిందో చూశారా!"

ఆవిడ రుమాలు ముక్కు దగ్గరకు తీసుకుని ఠక్కున దూరంగా పెట్టింది. "రామ రామ! ఇందులో మనుషులెలా ఉండేవారండీ?"

"అలవాటైపోతుందండీ," అని సెక్రటరీ గారు నవ్వారు. బేరం నిలబడిందని తెలిసిపోయింది ఆయనకి.

"అయ్యా," అంది ఆమె గోడ దగ్గర్నుంచి. గొంతు అంత గట్టిగా వస్తుందనుకోలేదు. "శనివారం కమిటీలో ఆ మాటే చెప్పండయ్యా."

"ఏ మాట?"

"పొగ పోయే దారి లేదని. లోపమంతా గదిదని."

ఎలక్ట్రీషియన్ చెయ్యి ఇత్తడి మీద ఆగిపోయింది. షాపావిడ ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. సెక్రటరీ గారు లేచి, మోకాళ్ళు దులుపుకుని, "ఒక్క నిమిషమండీ," అని ఆమెను వరండాలోకి తీసుకెళ్ళారు. కోప్పడలేదు. చిన్నపిల్లలకి లెక్క చెప్పినట్టు చెప్పారు.

"చూడమ్మా. కాలుస్తాడని మాతో చెప్పిందెవరు? నువ్వే కదా?"

"తెలియక చెప్పానండి. తప్పు చెప్పాను."

"కట్టుకున్నదానివి, నీకు తెలియక ఇంకెవరికి తెలుస్తుంది? అప్పుడేమో ఉందన్నావు, ఇప్పుడేమో లేదంటున్నావు. మొగుణ్ణి కాపాడుకోడానికి మాట మార్చిందంటారు గాని, నిజం చెప్పిందంటారా?"

"పోనీ ఆయన్ని అడగండయ్యా. ఒక్కసారి పిలిచి అడగండి."

"అడక్కుండా ఉంటామా? అప్పుడే అడిగాం. వాడూ ఒప్పుకున్నాడు."

"ఎవరు?"

"నీ మొగుడమ్మా. కర్ర పట్టుకుని నా బల్ల ముందు నిలబడి, కాలుస్తానండి అన్నాడు. డాక్టరు గారు కూడా ఉన్నారు. ఇద్దరూ చెప్పాక ఇంకేముంది? వెళ్ళు, ఆవిడ అన్నీ తెల్లగా చేసిమ్మంది. సాయంత్రం వ్యాను వస్తుంది."

ఆమె పెరట్లోకి వెళ్ళి తొట్టి నింపింది. నీళ్ళు చల్లగా ఉన్నాయా, వెచ్చగా ఉన్నాయా అన్నది చెయ్యి చెప్పలేకపోయింది. ఒకటి దించి, కడిగి, తీసి, ఇంకోటి దించింది. నీళ్ళు ముదురు రంగుకి తిరగడం, తూములోకి వంపడం, మళ్ళీ నింపడం. మనసు మాత్రం నిన్నటి చోట లేదు. కాలుస్తానని ఒప్పుకున్నాడా? నాకు ముప్పై ఏళ్ళు లేదన్నవాడు వాళ్ళ ముందు ఉందన్నాడా? పొగ గదిదే కావచ్చు, అయినా తనూ ఒకటీ అరా కాల్చలేదని ఏముంది? రోజంతా వాళ్ళకి అగ్గిపుల్ల గీసి ఇచ్చే మనిషి. ఆమెకి ఏడుపు రాలేదు, ఒళ్ళు మండింది. పాత కోపం తన చోటు తను వెతుక్కుని వచ్చి కూర్చుంది, అక్కడ దానికి బాగా అలవాటే కదా. కోపంగా ఉన్నా ఒక్క గ్లోబు కూడా మెడ పట్టుకుని ఎత్తలేదు.

అన్నీ ఆరాక ఎలక్ట్రీషియన్ టేపు ముక్కలు చూసుకుంటూ ఏ కొమ్మది ఆ కొమ్మకి బిగించాడు. వ్యాను ఎక్కించే ముందు వెలుగుతాయో లేదో చూడాలంది షాపావిడ. నిచ్చెనకి వేలాడదీసి స్విచ్చి వేశారు. వెలుగు ఒక చోటునుంచి వస్తున్నట్టు లేదు, గాజంతా తానే వెలుగైపోయింది. గోడల మీద మసి, కిటికీల మీది చెక్కలు, మేకుల తలలు, కప్పు మీద గుత్తి వేలాడిన చోట మిగిలిన చిన్న తెల్లటి గుండ్రం, అన్నీ మొదటిసారి స్పష్టంగా కనబడ్డాయి. సెక్రటరీ గారు "శభాష్" అన్నారు. ఎవర్నో తెలియలేదు. ఎలక్ట్రీషియన్ మాత్రం ఆమె వైపు చూసి తల దించుకున్నాడు.

ఇంటికి వెళ్ళేసరికి అతను నిన్నటికన్నా కిందికి జారి ఉన్నాడు. పెదవులు నీలంగా ఉన్నాయి. ఆమె చంకల కింద చేతులు పెట్టి పైకి లాగి దిండు సర్దింది. సర్దినంతసేపూ ఆపుకుంది.

"ఆఫీసులో కాలుస్తానని చెప్పావట."

సందులో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ వెళ్ళారు.

"చెప్పాను."

"కాల్చావా?"

"లేదే."

"మరెందుకు చెప్పావు? నన్ను ముప్పై ఏళ్ళు లేదు లేదని చంపి, వాళ్ళ దగ్గరకెళ్ళి ఉందని..."

"నీ భార్యే చెప్పింది కాలుస్తావని, అన్నారు." అతను ఆగి గాలి తెచ్చుకున్నాడు. "ఆవిడ అబద్ధం చెప్పిందంటావా, అనడిగారు సెక్రటరీ గారు. అబద్ధాలాడేవాళ్ళని క్లబ్బులో ఒక్కరోజు ఉంచం అన్నారు." మళ్ళీ ఆగాడు. ఈసారి చాలాసేపు పట్టింది. "నువ్వు చేరి నెల కూడా కాలేదు. నాకా, పని పోయింది. నేనేం చెప్పనే మరి?"

ఆమె మంచం కోడు పట్టుకుని నిలబడింది.

"నేను చెప్పానని నీకు అప్పటినుంచీ తెలుసా?"

"తెలుసు."

"ఒక్క మాటన్నా అనలేదేమయ్యా!"

"ఏమననూ? నువ్వు నమ్మిందే నువ్వు చెప్పావు. అబద్ధమాడింది నేను కదా."

ఎన్నో ఏళ్ళుగా ఆమె ఆ మంచం మీద కూర్చోలేదు. దుప్పటి మార్చడానికీ, మాత్రలివ్వడానికీ వంగేది, అంతే. ఇప్పుడు అంచున కూర్చుంది, అతని చెయ్యి తీసుకుని ఒళ్ళో పెట్టుకుంది. గోళ్ళు ఇంకా పసుపుపచ్చగానే ఉన్నాయి. యాష్‌ట్రేలు ఎత్తిన చెయ్యి.

"శనివారం నేను వెళ్తాను. కమిటీ ముందు కూర్చుని అందరికీ చెబుతాను."

"ఇద్దరం చెప్పేశాం కదే. ఇంకెవరు నమ్ముతారు?" అన్నాడు. కాసేపటికి, "దీపం వేసి చూశారా?" అనడిగాడు.

"చూశారు."

"ఎలా ఉంది?"

"నువ్వు చెప్పినట్టే ఉంది."

"అన్నీ తెల్లగా వచ్చాయా?"

"అన్నీ."

అతను కళ్ళు మూసుకున్నాడు. నిద్రపోయాడేమో అనుకుంది. పెదవుల చివర నవ్వులాంటిది కదిలింది.

"నువ్వు తనిఖీ చేసి చాలా రోజులైంది," అన్నాడు. "ఊదనా?"

"వద్దయ్యా. వద్దు."

"చూడు ఒక్కసారి."

ఆమె వంగి, ముఖం అతని నోటి దగ్గరకు తెచ్చింది, పూర్వం గుమ్మంలో పెట్టినట్టే. అతను భుజాలెగరేసి, పక్కటెముకలన్నీ లెక్కకొచ్చేలా గాలి పీల్చుకుని, పెదవులు గుండ్రంగా చుట్టి ఊదాడు. ఆమె కళ్ళు మూసుకుని ఎదురుచూసింది. ఇద్దరి మధ్యా జానెడు దూరం కూడా లేదు. ఆ గాలి ఆమె దాకా రాలేదు.